చేతిపనికి దేవుని లెక్క

(చదవవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 9:36–42, మార్కు 12:41–44, యాకోబు 5:1–6)



మా సంఘంలో స్త్రీల సమాజం ప్రతి గురువారం మధ్యాహ్నం మందిరంలో కూడుకుంటుంది. మాది గుడివాడకూ కైకలూరుకూ మధ్యనున్న ఒక చిన్న పల్లె. వంటిల్లు సర్దుకొని, గిన్నెలు కడుక్కొని, రెండు గంటలకల్లా పద్నాలుగు పదిహేనుమంది సహోదరీలు వస్తారు. కిటికీల దగ్గర వెలుతురు బాగుంటుంది గనుక చాపలు అక్కడే పరుస్తారు. మొదట ఒక పాట, ఒక ప్రార్థన, ఒక అధ్యాయం. ఆ తరువాత చేతిసంచుల్లోనుండి తెల్లని దారపు ఉండలు, కొనకు చిన్న కొక్కెం ఉన్న సూదులు బయటికి వస్తాయి. ఇక నాలుగున్నర దాకా చేతుల పని చేతులది, మాటల పని మాటలది. ఎవరి పిల్లవాడు పరీక్ష తప్పాడు, ఎవరి అత్తగారికి కాలు వాచింది, ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయి – ఇవి నేను ఇంటింటికీ తిరిగినా నాకు తెలియవు. ఆ చాప మీద తెలుస్తాయి. మా సంఘంలో నిజమైన ప్రార్థన మనవులు ఆదివారం చీటీలలోకంటె గురువారం చాప మీదనే ఎక్కువగా వినబడతాయి.

ఈ లేసు అల్లిక మా ఊరిది కాదు. చాలా ఏళ్ల క్రిందట నరసాపురం వైపునుండి మా ఊరికి కోడలుగా వచ్చిన ఒక సహోదరి పెళ్లి సామానుతో పాటు తన లేసు సూదిని కూడా తెచ్చుకుంది. అప్పటికే మా చుట్టుపక్కల వరిచేలు చాలావరకు చేపల చెరువులైపోయాయి. చేను ఉంటే ఆడవారికి ఊడ్పులు, కలుపులు, కోతలు ఉంటాయి. చెరువులో ఆడవారికి పనేముంది? ఖాళీ అయిపోయిన చేతులకు ఈ సూది దొరికింది. ఉన్ని స్వెట్టర్లు అల్లితే మన డెల్టా ఎండల్లో ఎవరు కొంటారు? నూలు లేసైతే బల్లల మీదికి, తలుపు తెరలకు, పసిపిల్లల గౌన్ల అంచులకు పనికివస్తుంది. ఆమె ఒకరికి నేర్పింది, ఆ ఒకరు ఇద్దరికి నేర్పారు. మా మందిరంలో ప్రభువు బల్ల మీది గుడ్డ, ప్రసంగ వేదిక మీది గుడ్డ వారి చేతిపనే.

కోతపండుగనాడు నా పొరపాటు

కొన్నేళ్ల క్రిందట కోతపండుగలో నేను చేసిన ఒక పొరపాటు మీతో చెప్పుకోవాలి. పండుగకు విశ్వాసులు తెచ్చిన బియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు వేలం వేస్తాము గదా. ఆ ఏడు స్త్రీల సమాజంవారు ఒక పెద్ద లేసు బల్లగుడ్డ తెచ్చారు. అడ్డం పది, నిలువు పది, మొత్తం వంద పువ్వులు. వేలం పాడేది నేనే. నాలుగు వందల దగ్గర మొదలుపెట్టి, వెయ్యి రూపాయల దగ్గర ఒక పెద్దమనిషికి ఖాయం చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. దారం ఖర్చు నాలుగు వందలు పోను ఆరు వందలు సంఘానికి మిగిలిందని మైకులో ప్రకటించి, దేవునికి స్తోత్రం చెప్పాను.

సాయంత్రం పందిరి విప్పుతుండగా ఒక విధవరాలు వచ్చి నా పక్కన నిలబడింది. యాభై దాటిన మనిషి. నలుగురిలో నోరెత్తి మాట్లాడగా నేనెన్నడూ చూడలేదు.

"అయ్యగారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట అడుగుతానండి" అంది.

"అడుగమ్మా" అన్నాను.

"ఆ గుడ్డ ఎన్ని రోజుల పనో మీకు తెలుసాండీ?"

నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను.

"గుమ్మడికాయ పాట పెట్టేటప్పుడు ఎంత బరువుందో ఎత్తి చూశారు. కోడిపుంజును రెక్కలు పట్టి ఎత్తి చూపించారు. మా గుడ్డను మాత్రం మడత కూడా విప్పలేదండి. డబ్బుకోసం అనడం లేదు, దేవుడికిచ్చిందే. ఇచ్చింది ఎంతో మీకే తెలియకపోతే ఎలాగండీ?" అని, కొంగుతో ముఖం తుడుచుకొని వెళ్లిపోయింది.

ప్రియులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాతి గురువారం నేను కూడా వెళ్లి ఆ చాప చివర కూర్చున్నాను. మందిరం గోడ గడియారం చూస్తూ లెక్క వ్రాశాము. చేయి తిరిగిన మనిషికి ఒక పువ్వుకు అరగంట. వంద పువ్వులకు 50 గంటలు. పువ్వును పువ్వుతో కలిపే అతుకుపనికి, చుట్టూ అంచుకు మరో 12 గంటలు. ఉతికి, గంజి పెట్టి, సాగదీసి ఆరవేయడం ఇందులో కలపలేదు. మొత్తం 62 గంటలు. రోజుకు ఎనిమిది గంటలనుకుంటే సుమారు ఎనిమిది రోజుల పని. మిగిలిన ఆరు వందల రూపాయలను 62 గంటలకు పంచితే గంటకు పది రూపాయలు కూడా పడలేదు. దీనికి నేను మైకులో స్తోత్రం చెప్పాను!

నరసాపురం మనకు చెప్పేది

ఈ పనికి పుట్టిల్లు చూడాలనిపించి, ఒకరోజు గుడివాడలో రైలెక్కి కైకలూరు, ఆకివీడు, భీమవరం, పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్లాను. వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న ఊరు. దారంతో, గుడ్డతో ఆ ప్రాంతానికి సంబంధం పాతది. ఈస్టిండియా కంపెనీ కాలంలో నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరే 'మాడపొల్లం' అనే తెల్లని నూలు గుడ్డకు పేరై దేశదేశాలు తిరిగింది.

ఆ ఊరి సంఘచరిత్ర కూడా చేతిపనివారితోనే మొదలైంది. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే ఊరినుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యౌవనస్థులు భార్యలతో కూడ మన దేశానికి వచ్చారు. బౌడెన్ రాతిపనివాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు. వారు నరసాపురం కేంద్రంగా మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషను అయింది. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టక మునుపటి మాట ఇది. కాలువలు లేని ఆ రోజుల్లో డెల్టాలో కరువు ఎలాగుండేదో మన పెద్దల నోట మనం విన్నాము.

లేసు అల్లికను మొదట ఎవరు నేర్పారన్న దానికి ఒకటికంటె ఎక్కువ కథలున్నాయి. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు నేర్పారని నరసాపురం వైపు చెప్పుకుంటారు. గోదావరికి ఎగువనున్న దుమ్ముగూడెంలో, సి.ఎం.ఎస్. మిషనులో పనిచేసిన జాన్ కెయిన్ గారి భార్య అక్కడి స్త్రీలకు లేసుపని నేర్పింది. దుమ్ముగూడెం లేసు అనే పేరు సముద్రం దాటి వెళ్లింది. ఎవరు మొదలుపెట్టినా ఉద్దేశం ఒక్కటే. అనాథ బాలికలు, విధవరాండ్రు, క్రొత్తగా విశ్వాసంలోనికి వచ్చి ఆధారం లేనివారు ఒకరి ముందు చేయి చాపకుండా బ్రతకాలి. సూదీ దారం, పగటి వెలుతురు ఉంటే చాలు. పెట్టుబడి తక్కువ, ఇల్లు విడువనక్కరలేదు.

1900 ప్రాంతంలో జోనా సోదరులనే స్థానిక క్రైస్తవులు లేసును విదేశాలకు పంపే వ్యాపారం మొదలుపెట్టారని చెబుతారు. అది పెరిగింది. మొదట బీద క్రైస్తవ స్త్రీల పనిగా ఉన్నది క్రమంగా, ఇల్లు దాటి కూలికి వెళ్లే ఆచారం లేని కుటుంబాల స్త్రీల చేతికి కూడా వచ్చింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊరూరా వ్యాపించింది. ఏజెంటు ఇంటికి వచ్చి దారం ఇస్తాడు. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, దానిని చేతిపని అంటారు. మరొక ఇంట్లో వాటిని కలుపుతారు, అది అతుకుపని. ఏజెంటు మళ్లీ వచ్చి పట్టుకుపోతాడు. ఎంత దారం అల్లితే దానినిబట్టి కూలి. పువ్వు అల్లిన స్త్రీ ఆ పువ్వు ఏ గుడ్డలో చేరిందో, ఆ గుడ్డ ఏ దేశం వెళ్లిందో, ఎంతకు అమ్ముడుపోయిందో చూడదు. పక్కింటి ఆవిడకు ఎంత ఇస్తున్నారో కూడా అడగదు.

1977–78లో మరియా మీస్ అనే జర్మనీ దేశపు సమాజశాస్త్ర పండితురాలు ఈ ఊళ్లలో తిరిగి, స్త్రీల మధ్య కూర్చొని వారి సంగతులు వ్రాసుకున్నది. నరసాపురం లేసు పనివారిని గూర్చిన ఆమె పుస్తకం 1982లో వెలువడింది. లక్షమందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారని ఆనాటి అంచనా. వంట, నీళ్లు, పిల్లలు, పశువులు చూసుకొని, ఆ పైన రోజుకు ఆరేసి ఎనిమిదేసి గంటలు లేసు అల్లేవారు. చేతికి వచ్చేది మాత్రం పొలం కూలీకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలికంటె ఎంతో తక్కువ. ఎందువలన? వారిని పనివారని ఎవరూ అనలేదు. వారు గృహిణులు, తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారు అన్నారు. తీరిక పనికి కూలి ఏమిటి, ఏదో చేతిఖర్చుకు ఇస్తే చాలునన్నారు. అల్లే స్త్రీలు కూడా అదే మాట నమ్మారు. వ్యాపారం చేసిన ఇండ్లు మేడలయ్యాయి. అల్లిన ఇండ్లు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

ఈ సంగతి తెలుసుకున్నప్పుడు నాకు సిగ్గు కలిగింది. ఎందుకంటే ఏజెంటును తప్పుపట్టే ముందు నన్ను నేను చూసుకోవలసి వచ్చింది. నేనూ ఆ తెల్లగుడ్డను తీరిక పనిగానే ఎంచాను. గుమ్మడికాయను కష్టఫలం అనుకున్నాను, లేసును కాలక్షేపం అనుకున్నాను.

ఆ తరువాతి కాలంలో నరసాపురం చాలా చూసింది. చైనానుండి చౌకగా వచ్చిన యంత్రపు లేసు చేతిలేసును దెబ్బతీసింది. 2020లో కరోనా వచ్చి ఎగుమతులు ఆగిపోయినప్పుడు ఎన్నో సూదులు మూలన పడ్డాయి. అయినా ఆ పని చావలేదు. నరసాపురం పక్కనున్న రుస్తుంబాదలో లేసు పార్కు ఏర్పడింది. లేసు స్త్రీల సహకార సంఘం తరపున చేసిన ప్రయత్నం ఫలించి 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో చేతితో అల్లినదానికి తప్ప మరి దేనికీ ఆ పేరు పెట్టి అమ్మకూడదు. ఇది సంతోషించదగ్గ సంగతి. అయితే పేరుకు కాపుదల దొరికినంత మాత్రాన చేతికి కూలి పెరగదు. పువ్వు అల్లిన స్త్రీ తన గంటలు లెక్క పెట్టుకొని, నలుగురితో కలిసి ధర చెప్పగలిగిన రోజున పెరుగుతుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంట్లో కూర్చున్నంత కాలం ధర చెప్పేది ఏజెంటే. ఒక చాప మీద కూర్చుంటే చెప్పడానికి నోరు వస్తుంది.

పేతురు చూశాడు, ప్రభువు లెక్కించాడు

వాక్యభాగంలోనికి వద్దాము. యొప్పే ఊరు కూడా మన బందరు, నరసాపురం వలె సముద్రపు గాలి తగిలే ఊరు. అక్కడ దొర్కా అనే శిష్యురాలు చనిపోయింది. పేతురును పిలిపించారు. మేడగదిలో విధవరాండ్రందరు ఆయన చుట్టూ నిలిచి ఏడ్చుచు, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను ఆయనకు చూపించారు. ఇది గమనించండి. దొర్కా చేసిన ప్రసంగమేదీ లూకా వ్రాయలేదు. ఆమె సాక్ష్యమంతా ఆ గుడ్డలలో ఉన్నది. అపొస్తలుడు ప్రార్థనకు మోకరించకమునుపు ఆ గుడ్డలు ఆయన కళ్లముందు ఉంచబడ్డాయి. నేనైతే మడత కూడా విప్పలేదు. ఆ విధవరాలు కోతపండుగనాడు నన్ను అడిగినది ఇంతకంటె ఎక్కువేమీ కాదు: అయ్యగారూ, చూడండి.

"దేవునికి ఇచ్చిన దానికి లెక్కలెందుకు? కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియకూడదు గదా" అని మా పెద్దలలో ఒకాయన అన్నాడు. మంచి ప్రశ్నే. ఇచ్చేవారు చాటుకోకూడదని ప్రభువు చెప్పిన మాట నిజమే. అయితే పుచ్చుకొనేవారు కళ్లు మూసుకోమని ఆయన చెప్పలేదు. దేవాలయంలో కానుకపెట్టె యెదుట యేసు ప్రభువు కూర్చొని, ఎవరు ఏమి వేస్తున్నారో చూశాడు. బీద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు శిష్యులను దగ్గరకు పిలిచి లెక్క చెప్పాడు. ఆయన లెక్క మనుష్యుల లెక్కవంటిది కాదు. పెట్టెలో ఎంత పడిందని కాక, ఆమెకు ఇంట్లో ఎంత మిగిలిందని ఆయన చూశాడు. లెక్కే చూడకపోతే ఆ రెండు కాసుల విలువ లోకానికి తెలిసేదా? కష్టం ఎంతో తెలియని చోట కానుక ఎంతో కూడా తెలియదు.

ఇంకొక మాట. తనది కానిదానిని ఎవరూ కానుకగా ఇవ్వలేరు. మొదట ఆ కష్టఫలం ఆమె చేతికి రావాలి, ఆ తరువాత ఆమె మనసారా ఇవ్వాలి. ఆమె చేతికి రాకముందే మనం తీసుకొని దానికి కానుక అని పేరు పెడితే అది కానుక కాదు. కూలివాని కూలిని తెల్లవారేవరకు ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13లో ధర్మశాస్త్రం ఆజ్ఞాపిస్తుంది. బిగబట్టిన కూలి కేక వేస్తున్నదని, ఆ కేక సైన్యములకధిపతియగు ప్రభువు చెవులకు చేరిందని యాకోబు హెచ్చరిస్తున్నాడు. ఆ మాట పొలాలున్న ధనవంతులకే అనుకొని మనం దాటిపోతాము. సంఘానికి కూడా కూలి ఎగ్గొట్టే అలవాటు ఉండవచ్చు, పైన స్తోత్రగీతం పాడుతూనే.

సామెతలు 31వ అధ్యాయాన్ని మనం పెండ్లిండ్లలో ఎంతో ఇష్టంగా చదువుతాము. గుణవతియైన భార్య తెల్లవారకముందే లేవడం, దీపం ఆరకుండా పనిచేయడం మనకు నచ్చుతుంది. ఆమె నేసి అమ్ముతుందని, తన సంపాదనతో పొలం కొంటుందని కూడా అక్కడే ఉన్నది. ఆమె చేతుల ఫలితం ఆమెకే ఇయ్యాలని ఆ అధ్యాయపు చివరి వచనం ఆజ్ఞాపిస్తుంది. పొద్దున లేచే వచనం దగ్గర గట్టిగా ఆమేన్ అని, చివరి వచనం దగ్గర పుస్తకం మూసే మగవారము మనము.

తరువాత మేము చేసినది

మేము చేసింది పెద్ద పనేమీ కాదు. స్త్రీల సమాజానికి ఒక నోటుపుస్తకం కొన్నాము. అందులో పేరు, దారం ఖర్చు, గంటలు, ధర అని నాలుగు గీతలు గీశారు. గంటకు ముప్పై రూపాయలకు తక్కువ వేయకూడదని వారే కూర్చొని తీర్మానించుకున్నారు. ఆ లెక్కన వంద పువ్వుల గుడ్డకు పనికి 1,860, దారానికి 400, మొత్తం 2,260 రూపాయలు.

మరుసటి కోతపండుగకు గుడ్డను మడత విప్పి తీగ మీద పరిచాము. ఎన్ని పువ్వులో, ఎన్ని గంటలో, ధర ఎంతో ఒక అట్ట మీద వ్రాసి పక్కన పెట్టాము. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆ రోజు దానిని ఎవరూ కొనలేదు. కొందరు ధర చూసి పెదవి విరిచారు. గుడిలో బేరమేమిటని ఒకరిద్దరు గొణిగారు. ఇద్దరు సహోదరీలు, ఇలాగైతే మాకు గడవదని మళ్లీ దారమిచ్చే ఏజెంటు దగ్గరకే వెళ్లారు. వారిని తప్పుపట్టలేము. రేపటి బియ్యానికి ఈరోజు డబ్బు కావలసిన ఇల్లు రెండు నెలలు కాచుకొని కూర్చోలేదు. అది చూసిన తరువాత పెద్దలు ఆలోచించి, పేదల నిధినుండి కొంత సొమ్ము స్త్రీల సమాజం చేతికి ఇచ్చారు. దారం దానితో కొంటారు. పని ముగియగానే సగం కూలి చేతిలో పెడతారు. అమ్ముడుపోయిన తరువాత మిగతా సగం ఇచ్చి, నిధి నిధికి చేరుస్తారు. వెళ్లిన ఇద్దరిలో ఒకామె తిరిగి వచ్చింది.

ఆ గుడ్డను రెండు నెలల తరువాత ఒక పెండ్లివారు అట్ట మీద ఉన్న ధరకే కొన్నారు. గురువారంనాడు చాప మీదనే ఎవరి గంటలకు తగ్గట్టు వారికి డబ్బు పంచారు. ఆ ఆదివారం ఆరాధనలో కానుకల సంచి తిరిగినప్పుడు ఆ విధవరాలు ఒక కవరు వేసింది. అంతకుముందు ఆమె పేరుతో కవరు ఎన్నడూ రాలేదు. అందులో ఎంత ఉన్నదో ఇక్కడ వ్రాయను. ఆమెకు తెలుసు, ప్రభువుకు తెలుసు.

మన ఇండ్లలో

పురుషులారా, మీ ఇంట్లో సూది పట్టే చేయి, కుట్టుమిషను తొక్కే కాలు, పాలు పితికే చేయి ఉంటే ఆ పనిని తీరిక పని అనకండి. సాయంత్రం ఒక గంట పిల్లలను మీరు పట్టుకుంటే అది కూడా ఆ గుడ్డలో ఒక రెండు పువ్వులవుతుంది. ఆమె సంపాదన ఎంతో అడగండి, తీసుకోవడానికి కాదు, గౌరవించడానికి.

సహోదరీలారా, పనిచేసిన గంటలు వ్రాసుకోండి. మీ ధర ఒకరికొకరు చెప్పుకోండి. చిన్నబోవలసిందేమీ లేదు. దీపం వెలుతురులో వంగి కూర్చొని కళ్లు పాడుచేసుకోకండి. పగటి వెలుతురులో, వెన్నుకు గోడ ఆనించుకొని అల్లండి. ప్రతి నాలుగైదు పువ్వులకు ఒకసారి తలెత్తి దూరాన ఉన్న చెట్టును చూడండి. నలభై దాటినవారు కళ్లద్దాలకు సిగ్గుపడవద్దు. మరొక సంగతి మీకు నాకంటె బాగా తెలుసు. ఈ అల్లికలో సూది మీద చివరిగా నిలిచే కన్నె ఒక్కటే. ఆ చివరి ముడి వేయకుండా లేస్తే అల్లినదంతా దారం లాగినకొద్దీ ఊడివస్తుంది. పని చేయడం పువ్వు అయితే, దాని లెక్క చూసుకోవడం ఆ చివరి ముడి.

సంఘపెద్దలారా, స్త్రీల సమాజం ఇచ్చిన ప్రతిదానిని మడత విప్పి చూడండి. వార్షిక నివేదికలో వచ్చిన డబ్బుతో పాటు పెట్టిన గంటలు కూడా చదివి వినిపించండి. చదివిన రోజున మీ మందిరం ఎవరి చేతుల మీద నిలిచి ఉన్నదో మీకే తెలుస్తుంది.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో ఎవరి పనికి లెక్క లేదు? ఈ వారం ఆ పని ఎన్ని గంటలో కలిసి వ్రాసి చూద్దామా?

2. మన దగ్గర కుట్టేవారికి, ఉతికేవారికి, అల్లేవారికి మనం ఇవ్వవలసినది ఏమైనా నిలిచిపోయిందా?

3. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు చూపించడానికి గుడ్డలున్నాయి. మనల్ని గూర్చి చూపించడానికి ఏమి ఉంటుంది?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, మా ఇండ్లలో మౌనంగా కష్టపడే చేతులను నీవు చూస్తున్నావు. మేము చూడక దాటిపోయిన దినములను క్షమించుము. కూలి నిలిపిన చోట దానిని చెల్లించే మనస్సును, ధర చెప్పలేని చోట చెప్పే ధైర్యమును దయచేయుము. గురువారపు చాప మీద కూర్చొనే నీ కుమార్తెలను, నరసాపురం మొదలుకొని మా పల్లెల వరకు సూది పట్టిన ప్రతి చేతిని దీవించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి